తుప్పు ఎవరి తప్పు?

మా ఇంట్లో ఒక ఇనప ట్రంకు పెట్టె ఉంది. దానికి తోడబుట్టిన పెట్టె ఒకటి బళ్ళారిలో మా పెదనాన్నగారి ఇంట్లో ఉంది. 1962లో మా తాతగారు బరంపురం బజారులో ఒకే దుకాణంలో, ఒకే రోజున రెండు పెట్టెలు కొని, ఉద్యోగాల్లో చేరుతున్న ఇద్దరు కొడుకులకీ చెరొకటి ఇచ్చారట. పెదనాన్నగారు రైల్వేలో చేరి, తిరిగి తిరిగి చివరికి బళ్ళారిలో స్థిరపడ్డారు. మా నాన్నగారు బరంపురంలోనే తెలుగు మాస్టారుగా ఉండిపోయారు.

క్రిందటేడు శ్రావణమాసంలో ఒక పెళ్ళికి పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, మా ఇంటికి వచ్చాడు. వెనక గదిలో ఆ పెట్టె చూసి గుర్తుపట్టి సంబరపడ్డాడు. దగ్గరికి వెళ్ళి వంగి చూశాక ఆ సంబరం తగ్గింది. పెట్టె అడుగున బెత్తెడు మేర తుప్పు తినేసింది. మూలల్లో వేలు దూరే చిల్లులు. గొళ్ళెం ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలింది.

"ఏరా, మా పెట్టెకి రంగు కూడా పోలేదు. మీ వదిన ఇప్పటికీ దాంట్లో కంబళ్ళు పెడుతుంది. మీరు వస్తువుని సరిగ్గా చూసుకోలేదురా" అన్నాడు.

అన్నయ్య మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు అన్నాడు. కాని ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

ఆ పూట నేను ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో వాదనలు విని, చెప్పి అలవాటైన వాణ్ణి కదా! అన్నయ్యకి మా వాతావరణం గురించి చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ, నీరూ రెండూ కావాలి. గాలిలో తేమ నూటికి అరవై పాళ్ళు దాటనంత కాలం శుభ్రమైన ఇనుము దాదాపు నిద్రపోతూ ఉంటుంది. దాటిందంటే మేలుకుంటుంది. బళ్ళారిలో ఏడాదికి కురిసే వాన ఇంచుమించు 500 మిల్లీమీటర్లు. ఇక్కడ దానికి రెట్టింపు పైనే. వానలు మొదలయ్యాక మా దగ్గర నెలల తరబడి గాలిలో తేమ చాలా ఎక్కువగా ఉంటుంది. దానికి తోడు వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని లెక్క. ఇక సముద్రం పక్కన ఉన్న పల్లెల్లో అయితే ఉప్పు కూడా కలుస్తుంది. ఉప్పు గాలిలోని తేమని తనంత తానే లాక్కుని, లోహం మీద కంటికి ఆనని ఉప్పునీటి పొర పరుస్తుంది. అక్కడ ఇనుముకి రాత్రీ పగలూ నిద్ర ఉండదు.

ఇనుము ఒక్కటే కాదు. ఆషాఢంలో తొడిగిన తోలు చెప్పులు భాద్రపదానికి తెల్లటి బూజు కప్పుకుంటాయి. బీరువాలో మడత పెట్టిన పట్టుచీర మడత దగ్గరే చిట్లుతుంది, జరీ నల్లబడుతుంది. పుస్తకం అట్టకి పూసిన జిగురు పురుగుకి విందు. తలుపు చెక్క వానాకాలంలో ఉబ్బి పట్టేస్తుంది, వేసవిలో ఎండి పగులుతుంది. ఢిల్లీలో పదహారు వందల ఏళ్ళుగా నిలబడ్డ ఇనపస్తంభాన్ని చూసి మనవాళ్ళ పనితనానికి అబ్బురపడతాం. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ కావడం ఒక కారణమైతే, ఢిల్లీ పొడి గాలి మరో కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. కాబట్టి అన్నయ్యా, మీ పెట్టె మంచిది కాదు, మీ ఊరి గాలి మంచిది అని ముగించాను.

అన్నయ్య నవ్వి, "సరే, గెలిచావులే" అన్నాడు. కాని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అదే వాదన నాతో మరొకరు చేస్తే నేను ఒప్పుకోలేదన్న సంగతి గుర్తుకొచ్చింది.

1996లో నేను గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున ఒక చిన్న బ్రాంచిలో ఆఫీసరుని. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఆ తీరంలోని జాలరి పల్లెల్లో మన తెలుగువాళ్ళే ఎక్కువ. అప్పట్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద పేదలకి సబ్సిడీతో కలిపి చిన్న చిన్న అప్పులు ఇచ్చేవాళ్ళం. ఇచ్చిన అప్పుతో కొన్న వస్తువు ఉందో లేదో వెళ్ళి చూసి రిపోర్టు రాయడం నా పని. ఒక ఇల్లాలు మూడేళ్ళ క్రితం చేపల బుట్ట కట్టుకోవడానికి ఒక సైకిలు కొనుక్కుంది. భర్త దాని మీద చేపలు వేసుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళి అమ్మేవాడు. నేను వెళ్ళేసరికి సైకిలు ఇంటి వెనక సరుగుడు చెట్టుకి ఆనించి ఉంది. చువ్వలు సగం లేవు. పెడళ్ళ దగ్గర చట్రం విరిగిపోయింది. వాయిదాలు ఇంకా ఆరేడు మిగిలి ఉన్నాయి.

"ఏమ్మా, బ్యాంకు సొమ్ముతో కొన్నది ఇలాగేనా ఉంచుకోవడం? నూనె గుడ్డతో తుడుచుకోకూడదా?" అన్నాను.

ఆవిడ నా వైపు కాసేపు చూసి, "బాబూ, ఉప్పునీళ్ళ బుట్ట మోసే సైకిలండి అది. బుట్టలో నీళ్ళు ఒల్లంతా కారతాయి దానికి. మా పల్లెలో ఇనుమన్నది మూడు వానలు సూస్తే గొప్ప. సైకిలంటే తుడుస్తాం. గాలినెలా తుడిసేదండి?" అంది.

నాకు ఆ జవాబు గడుసుగా తోచింది. రిపోర్టులో "వస్తువు నిరుపయోగం, కారణం రుణగ్రహీత నిర్లక్ష్యం" అని రాశాను. ఆవిడ తర్వాత వాయిదాలన్నీ కట్టేసింది. కాని మళ్ళీ వల కోసం అప్పుకి వచ్చినప్పుడు నా రిపోర్టు అడ్డం పడింది. దరఖాస్తు వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

అదే వారంలో నేను మరో కాగితం రాశాను. మా బ్రాంచి ఇనప షట్టరు నాలుగేళ్ళకే కింది భాగం తుప్పు పట్టి చిల్లులు పడింది. కొత్తది కావాలని పైఆఫీసుకి రాస్తూ, కారణం దగ్గర "సముద్రపు గాలి" అని రాశాను. వారం తిరక్కుండా మంజూరు వచ్చింది. షట్టరుని నూనె గుడ్డతో ఎందుకు తుడవలేదని నన్ను ఎవరూ అడగలేదు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీద, ఒకే కలంతో రాశాను. ఒకే గాలి. బ్యాంకు ఇనుము పాడైతే అది గాలి తప్పు. పేదరాలి ఇనుము పాడైతే అది పేదరాలి తప్పు. ఆనాడు ఆ తేడా నా కంటికి ఆనలేదంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను కామర్సు చదివినవాణ్ణి. అక్కడ నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి తరుగుదల. వాడకం వల్ల, కాలం గడవడం వల్ల, పాతబడిపోవడం వల్ల, ప్రమాదాల వల్ల వస్తువు విలువ ఏటేటా తగ్గుతుంది. ఆ తగ్గుదలని లెక్కలో రాయాలి. 2013 కంపెనీల చట్టంలో ఏ వస్తువుకి ఎంత ఆయుష్షో ఒక పట్టిక ఉంది. మామూలు కుర్చీలు, బల్లలకి 10 ఏళ్ళు. బల్ల మీద పెట్టుకునే కంప్యూటరుకి 3 ఏళ్ళు. జైసల్మేరులో కుర్చీకీ, గోపాల్‌పూర్‌లో కుర్చీకీ అదే ఆయుష్షు. ఆ చట్టంలో ఒక దయ ఉంది. కొన్ని రకాల యంత్రాల్ని రెండు షిఫ్టులు నడిపితే ఆ కాలానికి తరుగు 50 శాతం, మూడు షిఫ్టులు నడిపితే 100 శాతం ఎక్కువ వేసుకోవచ్చు. మనిషి యంత్రాన్ని మూడు షిఫ్టులు తిప్పితే చట్టం గుర్తిస్తుంది. సముద్రపు గాలి మూడు షిఫ్టులు పనిచేస్తే ఆ పట్టిక గుర్తించదు. ఆ పట్టిక రాసినవాళ్ళని తప్పు పట్టడం లేదు. దేశానికంతకీ ఒక లెక్క కావాలంటే అలాగే ఉంటుంది. కాని ఆ పట్టికనే మనం మనసులో పెట్టుకుని ఎదుటివాళ్ళ నడవడికి తీర్పు చెబుతాం. అక్కడే వస్తుంది చిక్కు.

కామర్సులోనే మరో పాఠం ఉంది. అది నాకు పరీక్షలో మార్కులు తెచ్చింది గాని బుద్ధి తేవడానికి చాలా ఏళ్ళు పట్టింది. సరుకు ఒకచోటి నుంచి మరోచోటికి పంపితే కొంత పోతుంది. బెల్లం కారుతుంది, బొగ్గు రాలుతుంది, నూనె ఆవిరవుతుంది. అది సాధారణ నష్టం. దానికి ఎవరినీ బాధ్యుల్ని చెయ్యరు. మిగిలిన సరుకు ధరలో దాన్ని కలిపేస్తారు, అంటే అందరూ తలా కాస్తా మోస్తారు. అలా కాక దొంగతనం జరిగినా, బస్తా మూతి కట్టకుండా వదిలేసినా అది అసాధారణ నష్టం. దాన్ని విడిగా రాసి, కారణం వెతికి, జవాబు అడుగుతారు. ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క చెడుతుంది.

లెక్కే కాదు, న్యాయం కూడా చెడుతుంది. ఆ సైకిలు తుప్పు సాధారణ నష్టం. దాన్ని ఆ అప్పు గడువులోనో, వాయిదాలోనో, సబ్సిడీలోనో కలుపుకోవలసింది. నేను దాన్ని అసాధారణ నష్టం కింద రాసి, మొత్తం భారం ఒక మనిషి పరువు మీద వేశాను. తేమలో, ఉప్పుగాలిలో బతికే పేదవాడు ఒకే వస్తువుని రెండుసార్లు కొంటాడు. పొడి ఊళ్ళో ఉన్నవాడు ఒక్కసారి కొని పొదుపరి అనిపించుకుంటాడు. మొదటివాడు ఎక్కువ ఖర్చు పెట్టీ అజాగ్రత్తపరుడన్న పేరు మోస్తాడు. 2013లో ఫైలిన్ తుఫాను తర్వాత అప్పుల పని మీదే మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళాను. ఆవిడ కోసం అడిగాను. కొడుకు చెన్నై పడవల మీద పనికి వెళ్తే వాళ్ళంతా అటే వెళ్ళిపోయారని చెప్పారు. నా రిపోర్టుని ఇప్పుడు దిద్దినా ఆవిడకి వల రాదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే నాకు హాయిగానే ఉంటుంది. తప్పంతా గాలిది, తీర్పు చెప్పేవాళ్ళది అని తేలిపోతుంది. కాని అన్నయ్య మాట గుచ్చుకున్నది పెట్టె గురించి కాదు. పెట్టెలో ఉన్నవాటి గురించి.

మా నాన్నగారు నలభై ఏళ్ళపాటు నోటుపుస్తకాలు రాశారు. కవిత్వం కాదు. ఊళ్ళో మన ఇళ్ళల్లో వాడే మాటలు, ఒడియా కలిసి మారిన మాటలు, పెళ్ళిపాటల మొదటి చరణాలు, బియ్యం ధర, ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఇలాంటివి. మొత్తం ఇరవై ఆరు పుస్తకాలు. 2008లో ఆయన పోయారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా మాఘమాసంలో, గాలి పొడిగా ఉన్నప్పుడు, ఆ పుస్తకాల్ని బయటికి తీసి నీడపట్టున చాప మీద ఆరబెట్టేది. పేజీలు ఒక్కొక్కటే తిప్పేది. పెట్టె అడుగున వేపాకు మార్చేది, బయట కిరసనాయిలు గుడ్డతో తుడిచేది. అమ్మకి చదువు అంతంత మాత్రం. అయినా పుస్తకాలన్నీ ఏడాదికోసారి ఆవిడ చేతుల మీదుగా వెళ్ళేవి. 2012లో అమ్మా పోయింది. నేను నాలుగు కలరా ఉండలు వేసి, పెట్టెకి తాళం వేసి, తాళంచెవి దేవుడి గదిలో పెట్టాను. ఎంతో భద్రంగా ఉంచానని నా నమ్మకం.

మళ్ళీ తెరిచింది 2019లో. ఏడేళ్ళు. పెట్టె అడుగున పడ్డ చిల్లులోంచి చెదలు పైకి వచ్చి, పదిహేను పుస్తకాల్ని మట్టిగూడు చేసేశాయి. పదకొండు మిగిలాయి. ఫైలిన్ నాడు వెనక గదిలోకి నీళ్ళు వచ్చాయి గనక తప్పు తుఫాను మీద పెడదామని నాకూ అనిపించింది. కాని తుఫాను 2013లో వచ్చింది. ఆ తర్వాత ఆరు మాఘమాసాలు వచ్చి వెళ్ళాయి. ఆరుసార్లూ ఎండ వచ్చింది. నేనే రాలేదు. జాలరి ఇల్లాలి మీద నేను రాసిన మాట నిజానికి ఇక్కడ రాయవలసింది: కారణం, నిర్లక్ష్యం.

మనవాళ్ళు ఇలాంటప్పుడు "అంతా అనిత్యమే కదా" అంటారు. దేహాన్నే చివికిన బట్టతో పోల్చారు పెద్దలు, కాగితాలెంత అంటారు. ఆ మాట నిజమే. కాని చెయ్యగలిగిందంతా చేసినవాడికి అది ఊరట. చెయ్యనివాడికి అది సాకు. అమ్మ ఆ మాట అనవచ్చు. నేను అనకూడదు.

నేను ఆ రిపోర్టు రాసిన 1996లోనే పూరీలో జగన్నాథుడికి నవకళేబరం జరిగింది. ఆషాఢం అధికమాసంగా వచ్చిన ఏడు పాత దారువిగ్రహాల స్థానంలో కొత్త వేపచెట్ల నుంచి విగ్రహాలు చెక్కుతారు. అంతకు ముందు 1977లో, ఆ తర్వాత 2015లో జరిగింది. రథాలైతే ఏటా కొత్తవే, మూడింటికీ కలిపి నలభై రెండు చక్రాలు. ఈ తేమలో కొయ్య శాశ్వతం కాదని ఈ నేల మీది పెద్దలు ముందే ఒప్పుకున్నారు. ఒప్పుకుని చేతులు కట్టుకుని కూర్చోలేదు, కొత్తది చెక్కే వంతుని మనుషులకి పంచిపెట్టారు. పాత విగ్రహాన్ని కోయిలి వైకుంఠంలో పూడ్చిపెట్టినప్పుడు దయితాపతులు సొంత మనిషి పోయినట్టు పదిరోజులు మైల పడతారు. పోయినదాన్ని తలుచుకుని ఏడవడం, కొత్తదాన్ని చెయ్యడం, రెండూ వాళ్ళ పనే. ఒకదాని కోసం రెండోది మానరు.

తాటాకు పుస్తకాల సంగతీ అంతే. మన తెలుగు కావ్యాలు ఈనాటికి అందాయంటే ఏ ఒక్క తాటాకూ వెయ్యేళ్ళు బతికి కాదు. ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒకరు గంటం పట్టుకుని మరో ఆకు మీదికి ఎక్కించారు గనక. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి చేయించింది కూడా ముఖ్యంగా అదే పని, ప్రతులు సేకరించి, సరిచూసి, మళ్ళీ రాయించడం. మన వాతావరణంలో దాచడం వేరు, కాపాడటం వేరు. దాచడానికి తాళం చాలు. కాపాడటానికి చెయ్యి కావాలి. ఉలవలకి ఆముదం పట్టించడం, నులకమంచం బిగించడం, తాటాకిల్లు మళ్ళీ నేయించడం, ఇత్తడి బిందెని చింతపండుతో తోమడం, ఇవన్నీ చెయ్యి చేసే పనులు. చెయ్యి తాకనిది ఏదీ ఇక్కడ నిలవదు.

అన్నయ్య వెళ్ళిన ఆదివారం నుంచీ మిగిలిన పదకొండు పుస్తకాలు తిరగరాయడం మొదలుపెట్టాను. మొదటి రోజునే ఒక సంగతి బోధపడింది. మా అమ్మాయి పక్కన కూర్చుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదివింది మాత్రం ఇంగ్లీషు, ఒడియా. తాతగారి పుస్తకం తిప్పి చూసి, "నాన్నా, నువ్వు చదువు, నేను ఒడియా అక్షరాల్లో రాస్తాను. నాకూ, నా తర్వాతవాళ్ళకీ పనికొస్తుంది" అంది. చెదలు తిన్న పదిహేను పుస్తకాలు పోగా, మిగిలిన పదకొండూ మా ఇంట్లో నా ఒక్కడి కళ్ళ మీదే బతుకుతున్నాయని అప్పుడు తెలిసింది. దానికి తెలుగు అక్షరాలు నేర్పకపోవడం ఏ గాలి తప్పు? బడిలో తెలుగు లేదు, నిజమే. అది సాధారణ నష్టం. ఇంట్లో నేను ఉన్నాను. అది మాత్రం నా ఖాతాలోకే వస్తుంది.

కాసేపు తటపటాయించాను. నాన్నగారి తెలుగు ఒడియా లిపిలో ఉంటే ఆయన ఏమంటారో అనుకున్నాను. కొయ్య మారినా దేవుడు మారడు కదా అని సర్దిచెప్పుకోబోయాను. కాని ఆ మాటని కూడా సాకు చేసుకోగలనని నాకు అనుమానం వేసింది. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. తను ఒడియాలో రాస్తుంది, నేను తెలుగులో రాస్తాను. ప్రతి ఆదివారం రాత మొదలుపెట్టే ముందు తను అయిదు తెలుగు అక్షరాలు దిద్దుతుంది. ఇప్పటికి మూడు పుస్తకాలు పూర్తయ్యాయి. అమ్మాయి గుణింతాల్లోకి వచ్చింది. నాన్నగారి దస్తూరీలో తన పేరు తనే చదువుకుంది. పుట్టినరోజున ఆయన రాసి పెట్టుకున్న పేజీ అది. దొరికిన పుస్తకాల్లో ఉండటం మా అదృష్టం.

పెట్టెని అమ్మేద్దామని మా ఆవిడ అంది. వద్దన్నాను. అడుగున కొత్త రేకు వేయించి, రంగు కొట్టించాను. ఈ రేకు కూడా ఎన్నో ఏళ్ళు ఉండదని తెలుసు. తాళం మాత్రం మళ్ళీ వెయ్యలేదు. ఈ మాఘంలో అన్నయ్యని రమ్మని రాశాను. పుస్తకాలు ఆరబెట్టడానికి చేతులు కావాలి.